తిరస్కరణ ఇచ్చే అంతోనయ్య

అంతోనయ్య దేనికీ ఒప్పుకోడు. జీవితంలో ఒప్పుకున్నది ఒక్కసారే, పెళ్లిలో. అదీ ఫాదర్ రెండుసార్లు అడిగి, మూడోసారి గొంతు పెంచాక. "సమ్మతమేనా అంటే దేనికి సమ్మతమో ఐటమ్ వారీగ చెప్పాలె గద ఫాదర్" అని చర్చి నిండా జనం వింటుండగా అన్నాడట. ఆయన భార్య మరియ ఇప్పటికీ చుట్టాలందరికీ చెబుతుంది. ముప్పై ఏళ్ల కాపురంలో ఆవిడ వండిన కూరల్లో ఆయన తిరస్కరించనివి నాలుగో ఐదో. తిరస్కరించి, కారణం చెప్పి, రెండోసారి వడ్డించుకుని తింటాడు.

ఇలాంటి మనిషికి దేవుడు ఏ ఉద్యోగం ఇవ్వాలి? పింఛన్ల సెక్షన్ ఇచ్చాడు.

కొత్తగూడెం నుంచి భద్రాచలం వెళ్లే బస్సు దిగి, ఆటోలో అడవిలోకి తిరిగితే చీమలగుంపు వస్తుంది. అక్కడి మండల పరిషత్ ఆఫీసులో అంతోనయ్య సీనియర్ అసిస్టెంటు. వృద్ధాప్య పింఛను కానీ, వితంతు పింఛను కానీ, వికలాంగుల పింఛను కానీ, ఏ దరఖాస్తు ఆయన బల్ల మీద పడినా దాని అడుగున ఒకటే మాట: 'తిరస్కరించడమైనది.' ఆ మాటను గుండ్రటి అక్షరాలతో, తీరిగ్గా, శుభలేఖ మీద పేరు రాసినట్టు రాస్తాడు. దాని కింద 'కారణం' అని రాసి గీత గీస్తాడు. కారణం లేకుండా ఆయన దోమను కూడా కొట్టడు.

అటెండరు రెడ్యా టీ తెస్తే ఒక గుక్క తాగి గ్లాసు కింద పెడతాడు.

"అల్లం లేదు. చక్కెర ఎక్కువైంది. తిరస్కరించడమైనది."

"ఊరికె నోటితోని అంటె హోటలాయన ఇంటడా సారూ? రాసియ్యిండ్రి."

అంతోనయ్య రాసిస్తాడు, తేదీ వేసి మరీ. హోటలాయన ఆ చీటీ చదువుకుని నాలుగు తిట్లు తిట్టి, మర్నాడు అల్లం వేస్తాడు. ఆ ఆఫీసులో ఎంపీడీవో మాట వినని హోటలాయన అంతోనయ్య చీటీకి మాత్రం లొంగడం ఎవరికీ వింతగా తోచలేదు.

ఉదయశ్రీకి తోచింది. కానీ చాలా ఆలస్యంగా.

ఉదయశ్రీది సత్తుపల్లి వైపు రైతు కుటుంబం. పరీక్ష రాసి ర్యాంకు తెచ్చుకుని జూనియర్ అసిస్టెంటుగా వచ్చింది. కంప్యూటర్ లాగిన్ ఆమెది. అంతోనయ్య కాగితం మీద రాసింది ఆమె కంప్యూటర్‌లో ఎక్కించాలి. ప్రజలకు సేవ చేయాలని మనసులో గట్టిగా ఉంది. ఉద్యోగంలో చేరిన మొదటి ఆర్నెల్లు అందరికీ ఉంటుంది లెండి. వారం తిరక్కుండా పాత ఫైళ్లన్నీ చదివేసి ఆమె నిప్పులు కక్కుతూ అంతోనయ్య బల్ల ముందుకొచ్చింది.

"ఇదేంటి సార్? 'భర్త మరణించినట్లు సదరు భర్త వాంగ్మూలం జతచేయనందున తిరస్కరించడమైనది' అని రాశారు!"

"అవ్. జతచేయలే గద?"

"చనిపోయినాయన వాంగ్మూలం ఎలా ఇస్తాడండీ?"

"అది ఆయన చూస్కోవాలె. నా పని కాయితం చూసుడు."

"మరి ఇది? ఈయనకి ఎడమకాలు లేదని డాక్టర్ సర్టిఫికెట్ ఉంది."

"అది పోయినేడు సర్టిఫికెట్. ఈ ఏడాది కాలు మొలవలేదని రుజువేది?"

ఉదయశ్రీ మూడో ఫైలు తెరిచింది కానీ పైకి చదవలేకపోయింది. చూపులేని ఒక పెద్దమనిషి, తనకు చూపు లేదన్న సర్టిఫికెట్‌ను స్వయంగా చదివి సరిచూసుకోనందున ఆయన పింఛను తిరస్కరించబడి ఉంది.

"మీకు మనసనేది లేదా సార్?"

"మనసుకు కాలమ్ లేదమ్మా ఫారంల" అన్నాడు అంతోనయ్య, పెన్నుకు టోపీ పెడుతూ.

రాక్షసుడు అనుకుంది ఆమె. ఒక్క విషయం మాత్రం ఆమెకు అంతుపట్టలేదు. తిరస్కరణ అందుకున్నవాళ్లు ఏడవరు. తిట్టరు. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, పాలిథిన్ కవర్లో దోపుకుని, దండం పెట్టి పోతారు. ఒకాయన బుట్టెడు సీతాఫలాలు కూడా తెచ్చాడు. అంతోనయ్య ఒకటి నొక్కి చూసి, "పండలే. తిరస్కరించడమైనది" అని బుట్ట తిరిగిచ్చేశాడు. పాపం, అడవి జనం, అమాయకులు అనుకుంది ఉదయశ్రీ. తమకు అర్థంకాని వాళ్లందరినీ అమాయకులనుకోవడం చదువుకున్నవాళ్లకు మామూలే.

అలా ఉండగా ఎంపీడీవో అనిల్‌కుమార్‌కి ఒక ఆలోచన వచ్చింది. జిల్లా మీటింగులో ఎవరో చీమలగుంపు తిరస్కరణల లెక్క చదివి నవ్వారట. తిరిగొచ్చిన రోజే ఆఫీసు గుమ్మం మీద ఫ్లెక్సీ కట్టించాడు: 'సున్నా తిరస్కరణల మాసం.' దాని మీద ఆయన ఫోటో, చేతులు జోడించి.

"ఇక మీద ఎవరికీ కాదనొద్దు" అన్నాడు స్టాఫ్ మీటింగులో.

"మరి అవుననమంటరా సార్?" అడిగాడు అంతోనయ్య.

"అవునని ఎవరన్నారు? పెండింగ్ పెట్టండి."

కంప్యూటర్‌లో మూడు బటన్లుంటాయి: మంజూరు, తిరస్కరణ, పెండింగ్. మంజూరు చేస్తే రేపు ఆడిట్ వాళ్లు అడుగుతారు. తిరస్కరిస్తే జనం అడుగుతారు. పెండింగ్ పెడితే ఎవరూ ఎవరినీ అడగరు. అందుకే అన్ని ఆఫీసుల్లోనూ ఆ బటన్ మీద అక్షరాలు అరిగిపోయి ఉంటాయి. అంతోనయ్య ఆ మాటను ఇంతవరకు ఒక్క కాగితం మీదా రాయలేదు. ఉదయశ్రీకి మాత్రం ఆ ఫ్లెక్సీ చల్లగా అనిపించింది. మొత్తానికి రాక్షసుడికి ఒకడు దొరికాడు.

మర్నాడే కన్నమ్మ వచ్చింది.

అడవి లోపలి పల్లె నుంచి పొద్దున్నే నడక మొదలుపెట్టి, ఆటో పట్టుకుని వచ్చింది. పళ్లు సగం లేవు, చూపు బాణంలా ఉంది. కొంగున ఆధార్ కార్డు. ఆ కార్డు ప్రకారం ఆమె వయసు ముప్పై ఒకటి. కార్డులు చేసే క్యాంపులో కుర్రాడు ఆమె పుట్టిన సంవత్సరంలో ఐదు కొట్టాల్సిన చోట తొమ్మిది కొట్టాడు. ఆమె కొడుకు సమ్మయ్య కార్డులో నలభై ఆరు సరిగ్గానే పడింది. పుట్టిన తేదీ రుజువు తెస్తే దిద్దుతామన్నారు. ఆమె పుట్టినప్పుడు ఆ అడవిలో రుజువులిచ్చేవాళ్లెవరూ లేరు.

"అంతోనయ్య సారూ, నాకో తిరస్కరణ ఇయ్యి" అంది కన్నమ్మ, కుర్చీలో సర్దుకుని.

ఉదయశ్రీ గుండె కరిగిపోయింది. కులం సర్టిఫికెట్, ఆదాయం సర్టిఫికెట్ లాగా తిరస్కరణ కూడా ఒక సర్టిఫికెట్ అనుకుంటోంది పిచ్చితల్లి! లేచి వచ్చి ఆమె పక్కన వంగింది.

"అవ్వా, తిరస్కరణ అంటే ఏంటో తెలుసా నీకు?"

"తెల్వక అడుగుతన్ననా?"

"తిరస్కరణ అంటే, నీకు పింఛను ఇవ్వం అని."

కన్నమ్మ ఆమెను కిందినుంచి పైదాకా జాలిగా చూసింది. "అవ్ బిడ్డా. గదే ఇయ్యిండ్రి. జర జల్దీ. నెలాఖరుకు లిస్టు మూస్తరంట. మళ్ల ఎన్నేండ్లకు తెరుస్తరో."

"పింఛనొస్తే ఏం చేస్తావ్ అవ్వా? మందులకా?"

"మందులేంది, నాకేం రోగం? పొగాకుకు. కొనుక్కున్నప్పుడల్లా కోడలి ముందు చెయ్యి చాపాలె. ఆమె ఇస్తది. ఇచ్చి, దగ్గుతది."

ఫ్లెక్సీని పట్టించుకోకుండా అంతోనయ్య అప్పటికే కాగితం మీదికి వంగాడు. గుండ్రంగా రాసి, గీత గీసి, కారణం కూడా రాసి, సంతకం పెట్టి ఆమె చేతికిచ్చాడు. "అమ్మా ఉదయశ్రీ, కంప్యూటర్ల ఎక్కియ్యి" అని టీ తాగడానికి బయటకు నడిచాడు.

ఉదయశ్రీ తెర ముందు కూర్చుంది. మంజూరు బటన్ నొక్కింది. ముప్పై ఒక్కేళ్ల మనిషికి వృద్ధాప్య పింఛను ఇవ్వడానికి కంప్యూటర్ ఒప్పుకోలేదు. తిరస్కరణ మీదికి బాణం గుర్తు తీసుకెళ్లింది. చెయ్యి రాలేదు. ఆ ముసలమ్మ ఆశ తన వేలితో ఎలా చంపుతుంది? కళ్లు మూసుకుని, ఏసునో వెంకన్ననో ఎవరినో తలుచుకుని, పెండింగ్ నొక్కింది. ఆ రాత్రి ఆమెకు చాలా హాయిగా నిద్రపట్టింది.

నాలుగు రోజుల తర్వాత కన్నమ్మ మళ్లీ వచ్చింది. ఈసారి వెంట పక్క తండా రూప్‌సింగ్ కూడా ఉన్నాడు. పోయినేడాదే పింఛను తెచ్చుకున్న పెద్దమనిషి.

"నన్ను పెండింగ్ జేసిన పాపిష్టోళ్లు ఎవరు?" అని గుమ్మంలోనే అడిగింది కన్నమ్మ.

ఆఫీసంతా తలెత్తింది. ఉదయశ్రీ తల దించుకుంది.

"నేనే" అన్నాడు అంతోనయ్య. "వేలు జారింది."

ఆ మాట విని రెడ్యా నోట్లోని టీ బయటికొచ్చింది. అంతోనయ్య జన్మలో మౌస్ ముట్టుకోలేదు. దాన్ని చూస్తేనే, నిజం ఎలుక కనబడ్డట్టు, కాళ్లు పైకి ముడుచుకుంటాడు.

"గట్లెట్ల జారుతది సారూ?" కన్నమ్మ వదల్లేదు. "భద్రాచలం దాక బస్సెక్కి పోయిన. అప్పీళ్లు ఇనే మేడం దగ్గర లైన్ల నిలబడ్డ. కంప్యూటర్ల చూసి, నీది ఇంక తేల్చలే, తేల్చినంక రా అని గెంటిన్రు. రోజంత పోయింది. మా మండలపోళ్లందరు పని చేసుకొని పోయిన్రు. నేనొక్కదాన్నే ఉత్త చేతులతోని వచ్చిన."

"ఏం పని?" అంది ఉదయశ్రీ, ఆగలేక.

రూప్‌సింగ్ ఆమె వైపు తిరిగాడు. "మీరు కొత్తా మేడం? కాదని రాసిస్తెనే దాని మీద అప్పీలు పోతది. కాదనకపోతె దేని మీద పోవాలె? వేరే మండలాలోళ్లు చూడుండ్రి, మూడేండ్ల సంది రేపు రా, ఎల్లుండి రా. కాదనరు, అవుననరు. ఆళ్ల చేతిల కాయితమే లేదు. మా అంతోనయ్య సారు తిరస్కరిస్తె, గా కారణం సదివి పైన మేడం నవ్వుకుంట గా తిరస్కరణను కొట్టేసి పింఛను ఇప్పిస్తది. నాది గట్లనే అయింది."

"మీ దాంట్లో ఏం కారణం రాశారు?"

"నేను బతికే ఉన్నట్టు నా పక్కింటోళ్లు ఒప్పుకోలేదని." రూప్‌సింగ్ గర్వంగా మీసం దువ్వాడు. "ఒప్పుకోరు మరి, నాకు ఆళ్లకు గట్టు తగాద."

ఉదయశ్రీకి పాత ఫైళ్లన్నీ ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. భర్త వాంగ్మూలం. మొలవని కాలు. సర్టిఫికెట్ చదవని గుడ్డివాడు. ఏ అధికారీ సమర్థిస్తూ సంతకం పెట్టలేని కారణాలు. పెడితే మర్నాడు పేపర్లో పడతాడు. మండలం మొత్తానికి తెలుసు. తెలియంది ఈ ఆఫీసుకి, తనకి. ర్యాంకు తెచ్చుకున్న తనకి.

కన్నమ్మ, రూప్‌సింగ్ బయట అరుగు మీద కూర్చున్నాక ఆమె అంతోనయ్య దగ్గరకెళ్లింది.

"నేనే నొక్కాను సార్. మీకు తెలుసుగా."

"తెల్సు."

"ఈ గోలంతా దేనికండీ? మంజూరు చేయండి అని మీరే సిఫార్సు రాయొచ్చుగా?"

"సిఫార్సు రాస్తె ఎంత తిన్నవ్ అంటరు. నాకు ముందు ఈ సీట్ల కూసున్నోడు రాసిండు, పాపం. రెండేండ్లు ఎంక్వయిరీ. తిరస్కరించేటోన్ని ఎవ్వడు అనుమానించడమ్మా. ఎంత తిరస్కరిస్తె అంత నిజాయితీపరుడు." అని అంతోనయ్య క్యాలెండర్ వైపు చూశాడు. "నెలాఖరుకు తొమ్మిది రోజులుంది. పెండింగ్ తియ్యాలంటె ఎంపీడీవో వేలిముద్ర గావాలె. ఆయనేమో ఫ్లెక్సీ కట్టిండు."

అనిల్‌కుమార్ ఛస్తే ఒప్పుకోలేదు. "సున్నా అని రాయించానయ్యా! ఈ ఒక్కదాని కోసం సున్నాని ఒకటి చేయమంటావా?"

అంతోనయ్య ఏదో అనబోయాడు. ఉదయశ్రీ ఆయన్ని చేత్తో ఆపి, తన సీటుకొచ్చి, ఒక నోట్ రాసింది. సాయంత్రం సంతకాలకు వెళ్లే ఫైళ్ల మీద పెట్టింది. అనిల్‌కుమార్ దాన్ని పైకే చదివాడు.

"'సదరు కన్నమ్మ తన కుమారునికంటే పదిహేనేళ్లు చిన్నదైనందున, తల్లి కొడుకు తర్వాత పుట్టుట సాధ్యమా కాదా అను విషయమై ఎంపీడీవో గారు స్వయముగా ఆలోచించుచున్నందున పెండింగ్ ఉంచడమైనది. వారి ఆలోచన పూర్తి కాగానే తెలియజేయబడును.' ఏంటమ్మా ఇది?"

"పెండింగ్‌కి కారణం రాయాలి కదండీ సార్. జిల్లాకి పంపేముందు మీ సంతకం."

అనిల్‌కుమార్ ఆ కాగితం చదివే జిల్లా మీటింగును ఒకసారి ఊహించుకున్నాడు. వేలిముద్ర మెషిన్ తెమ్మన్నాడు.

అంతోనయ్య నోట్ నకలును రెండుసార్లు చదివాడు. "తేదీ వెయ్యలే" అన్నాడు చివరికి. అంతకంటే పెద్ద మెప్పు ఆ ఆఫీసులో ఇంతవరకు ఎవరికీ దక్కలేదు. ఉదయశ్రీ తెర ముందు కూర్చుని, ఈసారి కళ్లు తెరుచుకునే, తిరస్కరణ నొక్కింది.

సోమవారం కన్నమ్మతో భద్రాచలం వెళ్తానని ఆమె సెలవుచీటీ రాసిచ్చింది. అంతోనయ్య చదివాడు.

"తిరస్కరించడమైనది."

"సార్!"

"సొంత పని అని రాసినవ్. ఇది సర్కారు పని. డ్యూటీ మీద పో."

అప్పీలు మేడం గదిలో ఫ్యాను కింద ఫైళ్లు ఎగురుతున్నాయి. ఆవిడ కన్నమ్మ పాలిథిన్ కవర్లోంచి కాగితం తీసి చదవడం మొదలుపెట్టింది. "'దరఖాస్తుదారు వయస్సు ముప్పై ఒకటి, ఆమె కుమారుని వయస్సు నలభై ఆరు అయినందున, సదరు దరఖాస్తుదారు పుట్టకమునుపే ప్రసవించినట్లు ఈ కార్యాలయము పూర్తిగా విశ్వసించుచు...'" అక్కడ ఆగి, కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. గుమాస్తా గోడ వైపు తిరిగి దగ్గాడు.

"ఈ మాటను సమర్థిస్తూ నేను సంతకం పెట్టాలా? కొట్టేస్తున్నాను. ఇవాళే దవాఖానాలో వయసు పరీక్ష చేయించండి." మేడం పెన్ను ఆపి ఉదయశ్రీని చూసింది. "అంతోనయ్య గారికి మెమో కూడా రాయాలి, ఇలాంటి కారణాలు రాసినందుకు. ఇది ముప్పై ఏడోది. రాయకపోతే పైవాళ్లు నన్నడుగుతారు. ఆయన వెనక వచ్చినవాళ్లంతా సూపరింటెండెంట్లయ్యారు, తెలుసా? ఒకసారి, నాకే బాధగా ఉంది అంటే ఏమన్నారో చెప్పనా? 'ప్రమోషన్ ఇస్తె పింఛన్ల సెక్షన్ నుంచి తీసేస్తరు మేడం. మీరు మెమో ఇయ్యిండ్రి' అన్నారు."

దవాఖానాలో డాక్టరు కన్నమ్మ నోరు తెరిపించి చూశాడు.

"పళ్లెన్నున్నయ్ అవ్వా?"

"లెక్కవెట్టుకో. దానికే గద నీకు జీతం."

లిస్టు మూసేయడానికి ఒక రోజు ముందు మంజూరు ఉత్తర్వు చీమలగుంపు చేరింది. కన్నమ్మ, రూప్‌సింగ్ వచ్చి బల్ల ముందు కూర్చున్నారు. ఉదయశ్రీ నిలబడి, గొంతు సవరించుకుని చదివి వినిపించింది. పింఛను మంజూరైంది, వచ్చే నెల నుంచి. వైద్యుల నిర్ధారణ ప్రకారం వయస్సు డెబ్బై ఐదు.

కన్నమ్మ ముఖం మాడిపోయింది.

"ఎంత?"

"డెబ్బై ఐదు అవ్వా."

"నాకా? గీ రూప్‌సింగ్‌కు ఎంత రాసిన్రు?"

"నాకు డెబ్బై" అన్నాడు రూప్‌సింగ్, కుర్చీ కాస్త వెనక్కి జరుపుకుంటూ.

"ఇన్నేండ్లు నన్ను చెల్లె చెల్లె అన్నడు. గీ కాయితం లెక్కన నేను ఈనకు అక్కనైతనా? ఊళ్లె తలెత్తుకొని తిరగాలెనా వద్దా? ముప్పై ఒకటి ఉన్నప్పుడే నయం!" కన్నమ్మ ఉత్తర్వును బల్ల మీద ఒక్క చరుపు చరిచింది. "పింఛను ఉండనియ్యిండ్రి. వయసు దిద్దుండ్రి. దీని మీద అప్పీలు లేదా?"

అంతోనయ్య ఉదయశ్రీ వైపు చూశాడు. ఉదయశ్రీ కుర్చీ లాక్కుని, ఒక తెల్లకాగితం ముందు పెట్టుకుని, పెన్ను టోపీ తీసింది.

"ఉందవ్వా. కానీ ముందు నువ్వు దరఖాస్తు పెట్టాలి, దాన్ని మేం కాదనాలి."

"పెట్టిననుకో. మరి జల్దీ తిరస్కరించుండ్రి బిడ్డా, బస్సుకు టైమైతంది."